మెస్సు వంటమనిషి, వార్డులో ఒక్కటే రెస్పిరేటర్

1967 డిసెంబరు 12, మంగళవారం, పొద్దున పదిన్నర. తార్నాకకు దగ్గర్లోని ఒక ఛాతీ ఆసుపత్రి, మగవాళ్ల జనరల్ వార్డు. ఆసుపత్రి పేరు రాయను. నేను అప్పుడు ఆ వార్డు సిస్టర్‌ని. మందుల ట్రే పట్టుకుని వరస చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి, స్టూలు మీద కూర్చున్న మల్లమ్మ నవ్వు ముఖంతో చెయ్యెత్తి నన్ను ఆపింది.

"సప్పుడు చెయ్యకుండ్రి సిస్టరమ్మా. ఇన్నొద్దులకు నిమ్మలంగ పండుకున్నడు."

పండుకున్నది ఆమె భర్త రాజయ్య. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక హాస్టల్ మెస్సుకు పెద్ద వంటమనిషి. వయసు నలభై ఆరు. ఇరవై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి ముందు నిలబడ్డాడు, బీడీలూ కాల్చేవాడు. చలి ముదిరి దగ్గు ఎక్కువై, నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ రెండు రోజుల కిందటే వార్డులో చేరాడు. కేస్ షీటులో క్రానిక్ బ్రాంకైటిస్, ఎంఫిసీమా అని రాసి ఉంది. గాలి గొట్టాలు ఏళ్ల తరబడి వాచిపోవడం మొదటిది. ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు సాగిపోయి పట్టు తప్పడం రెండోది. ఇలాంటివాళ్లకు గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడమే కష్టం.

అతనిది నిద్ర కాదని మణికట్టు పట్టుకోగానే తెలిసింది. నాడి గంతులు వేస్తోంది, అరచేతులు వేడిగా చెమట పట్టి ఉన్నాయి, ముఖం ఎర్రబడింది. చెవి తమ్మె గట్టిగా గిల్లినా కనురెప్ప కదల్లేదు. తలెత్తి ఆక్సిజన్ ఫ్లోమీటర్ చూశాను. నిమిషానికి ఒక లీటరు దగ్గర నేను పెట్టి వెళ్లిన, గాజు గొట్టంలోని గుండు ఎనిమిది దాటి నిలబడి ఉంది.

"ఎవరు తిప్పారు మల్లమ్మా?"

"నేనే తిప్పిన. మీరు గింత సన్నగ పెట్టిపోతిరి."

"ఎక్కువైతే ప్రాణానికి ముప్పు అని నిన్ననే చెప్పానా లేదా?"

"చెప్పిన్రు. మెస్సుల గూడ గట్లనే అంటరు, నెయ్యి ఎక్కువైతే పోరగాండ్లకు అరగదని. గరీబోళ్ల వార్డుల గాలి గూడ పొదుపేనేమో అనుకున్న." నా ముఖం చూసి ఆమె గొంతు తగ్గింది. "పొయ్యి ఆరిపోతుంటె ఊదుతం గద, తల్లీ."

జీవితమంతా నిప్పుతో బతికిన మనిషికి అంతకంటే సరైన ఆలోచన తోచదు. కానీ ఈ జబ్బులో లెక్క తిరగబడుతుంది. మామూలు మనిషి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు ఊపిరి తియ్యమని తొందరపెడుతుంది. రాజయ్య లాంటివాళ్లలో అది ఏళ్లుగా పెరిగే ఉండటంతో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆక్సిజన్ చాలడం లేదన్న ఇబ్బంది ఒక్కటే వాళ్ల చేత ఊపిరి తీయిస్తూ ఉంటుంది. ఆక్సిజన్ ధారాళంగా పెడితే ఆ ఇబ్బందీ తీరిపోతుంది, మనిషి ఊపిరి తియ్యడం తగ్గించేస్తాడు. కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుని మత్తులోకి జారిపోతాడు. చూసేవాళ్లకు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. మేం అప్పుడు చదువుకున్నది ఇది.

గుండు కిందికి దించి, రబ్బరు సంచీ ముక్కూ నోటిమీద పెట్టి చేత్తో నొక్కుతూ పెద్ద డాక్టరు గారికి కబురు పంపాను. ఆయన వచ్చి, కళ్లు చూసి, ఛాతీ విని నిట్టూర్చారు. మా ఆసుపత్రిలో ఉన్నది ఒక్కటే రెస్పిరేటర్. ఇప్పుడు వెంటిలేటర్ అంటున్నారు. పలక వెడల్పున్న పెట్టె, కరెంటుతో పని లేదు, సిలిండర్ ఒత్తిడితో నడిచి మనిషి ఛాతీలోకి గాలి నెడుతుంది. ఆపరేషన్ అయినవాళ్లకూ, విషం తాగినవాళ్లకూ వాడేవాళ్లం. పాత ఊపిరితిత్తుల జబ్బువాళ్లకు దాన్ని పెట్టకూడదన్నది మా వార్డులో ఎక్కడా రాసిలేని నియమం.

"క్రానిక్ లంగ్, సిస్టర్. మిషన్ ఎక్కించడం మీకూ తెలుసు, నాకూ తెలుసు. దించడమే ఎవరికీ తెలియదు."

"జబ్బు ముదిరి పడిపోలేదు సర్. ఆక్సిజన్ ఎక్కువై పడిపోయాడు. పొద్దున నన్ను టీ అడిగాడు."

"టీ అడిగాడా?"

"నిన్నటి టీ బాగా లేదని, ఆకు మరిగించడం మావాళ్లకు చేతకాదని కూడా అన్నాడు."

ఆయన క్షణం సేపు రాజయ్య ముఖం వైపు చూసి, "సరే, మిషన్ తెప్పించండి" అన్నారు.

మధ్యాహ్నానికి గొంతు కింద రంధ్రం చేసి, గొట్టం అమర్చి మిషన్‌కు కలిపాం. దాన్ని ట్రేకియాస్టమీ అంటారు. మర్నాడు సాయంత్రం రాజయ్య కళ్లు తెరిచాడు. గొంతులో గొట్టం ఉన్నన్నాళ్లూ మాట రాదు. కఫం తియ్యడానికి సన్నని రబ్బరు గొట్టం లోపలికి దింపిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా చెయ్యి అడ్డం పెట్టేవాడు కాదు.

అసలు కష్టం దించడంలో ఉంది. వీనింగ్ అంటారు. మిషన్ తీసేసి కాసేపు సొంతంగా ఊపిరి తియ్యనిచ్చి, అలిసిపోకముందే మళ్లీ తగిలించాలి. అలిసిపోయాక తగిలిస్తే ఆ రోజు కష్టమంతా వృథా. ఆ రోజుల్లో మాకు రక్తంలో వాయువులు కొలిచే పరీక్ష లేదు. ఎంత ఓపిక మిగిలిందో రోగే చెప్పాలి. రాజయ్య దానికి తన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. వంటవాళ్లు గుండిగలో బియ్యం మీద నీళ్లు కొలవడానికి వేలు ముంచి కణుపులు చూస్తారు కదా, అలా నడివేలు చూపించేవాడు. మూడో కణుపు మీద బొటనవేలు పెడితే ఓపిక నిండుగా ఉంది, రెండో కణుపయితే సగం, మొదటి కణుపుకు దిగితే తగిలించమని. ఒక్కసారి కూడా గొప్పకు పోయి ఎక్కువ చూపించలేదు. డాక్టరు గారు మొదట నవ్వారు. మూడో రోజుకు ఆయనే రౌండ్సుకు వచ్చి, "కణుపెంత?" అని అడగడం మొదలుపెట్టారు.

డిసెంబరు 22న మిషన్ పూర్తిగా తీసేశాం. గొంతు కింది రంధ్రం మూసుకున్నాక అతను అన్న మొదటి మాట నాతోనే. "మీ మిషన్ మంచిదే సిస్టరమ్మా. గని దానికి వంట రాదు." ఆ గొంతు గరగరకు వార్డంతా నవ్వింది. మల్లమ్మ మాత్రం "ఇగ నీకు గూడ రాదు తియ్" అని కసిరింది.

1968 జనవరి 15న ఇంటికి పంపాం. డిశ్చార్జి చీటీలో డాక్టరు గారు పొగకు దూరంగా ఉండాలని రాసి, దానికింద రెండుసార్లు గీత గీశారు.

ఇక్కడిదాకా ఇది మేం గెలిచిన కేసు. తరవాతిది క్యాంపస్‌లో జరిగింది. రాజయ్య కుటుంబం ఉండేది మెస్సు వెనక గదిలో. వంటమనిషి ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ గది. యూనివర్సిటీ దవాఖానా డాక్టరు అతన్ని చూసి, లైట్ వర్క్ ఇవ్వవచ్చని సర్టిఫికెట్ రాశాడు. హాస్టల్ వార్డెన్ దాన్ని తిప్పి పంపాడు. తార్నాకలో మా ఇంటికి క్యాంపస్ మీదుగానే నడిచి వెళ్లేదాన్ని కనుక, ఒక సాయంత్రం ఆగి నేనే అడిగాను.

వార్డెన్ చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి మరీ చెప్పాడు. "చూడండమ్మా, నా దగ్గర వంటమనిషి పోస్టున్నది, వడ్డించేవాళ్ల పోస్టున్నది. లైట్ వర్క్ అనే పోస్టు లేదు. ఫిట్ అంటే పొయ్యి దగ్గరికి, అన్‌ఫిట్ అంటే ఇంటికి."

"స్టోరులో కూర్చోబెట్టండి. సరుకు గురించి అతనికన్నా బాగా తెలిసినవాళ్లెవరు?"

"స్టోర్ కీపర్ అంటే మెట్రిక్ పాసవ్వాలె. నేను పైకి రాస్తా. రాస్తే ఏమైతదో మీకూ ఎరుకే."

రాశాడో లేదో నాకు తెలియదు, జవాబు మాత్రం రాలేదు. బయటికి వచ్చేసరికి గోడ పక్కన రాజయ్య నిలబడి ఉన్నాడు. "నా గురించి ఆయనను బతిమిలాడకుండ్రి సిస్టరమ్మా. ఆయన మాట గూడ పైన ఎవ్వరు ఇనరు. డాక్టరు సాబుకు చెప్పి ఫిట్ అని రాయించుకుంట."

"పొగ పీలిస్తే మళ్లీ మంచమెక్కుతావు రాజయ్యా."

"ఊపిరి పోతదో లేదో గని, అర్రయితే రేపే పోతది. ఆమెను ఏడ కూసుండబెట్టాలె?"

దవాఖానా డాక్టరు ఫిట్ అని రాసిచ్చాడు. మార్చి 4, సోమవారం రాజయ్య పొయ్యి ముందుకు వెళ్లాడు. బీడీ మళ్లీ ముట్టలేదు. కానీ వానాకాలం మొదలయ్యాక తడి కట్టెల పొగ వంటశాల కిటికీల్లోంచి తెల్లగా బయటికొచ్చి రోడ్డు మీద పోయే నాకే దగ్గు తెప్పించేది. ఆ పొగలోంచి తల బయటపెట్టి, "కణుపు నిండుగున్నది" అన్నట్టు వేలు చూపించేవాడు. ఆగస్టు తరవాత ఆ సైగలో అబద్ధం కలిసింది. నీలం తిరిగిన పెదవులు చూస్తే నాకు తెలిసేది.

నవంబరు 21, గురువారం అతన్ని రిక్షాలో తీసుకొచ్చారు. ఈసారి ఎవరూ ఏదీ తిప్పలేదు. పొగకూ చలికీ ఛాతీలో చీము పట్టింది. పెనిసిలిన్, గాలి గొట్టాలు విచ్చుకోవడానికి ఎమినోఫిలిన్, సన్నగా ఆక్సిజన్, చెయ్యగలిగిందంతా చేశాం. శుక్రవారం మధ్యాహ్నానికి మత్తులోకి జారడం మొదలైంది. రెస్పిరేటర్ పక్క గదిలో ఖాళీగా ఉంది. సోమవారం ఒక పెద్ద ఆపరేషన్ ఉందని, దానికోసం అట్టే పెట్టమన్నారు.

డాక్టరు గారితో మళ్లీ మాట్లాడాను. "కిందటిసారి పదకొండు రోజుల్లో దిగాడు సర్."

"ఈసారి ఇరవై రోజులు పట్టొచ్చు, దిగకపోవచ్చు. దిగాడే అనుకోండి. ఎక్కడికి పంపుతారు? మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే కదా."

"పొయ్యి దగ్గరికి అతనంతట అతను పోలేదు సర్."

"ఆ సంగతి నాకు తెలియదనుకుంటున్నారా?" ఆయన గొంతులో కోపం లేదు. "మిషన్ ఒక్కటే, సిస్టర్. మళ్లీ అడగకండి."

మల్లమ్మ వరండాలో నా దారికి అడ్డంగా నిలబడింది. "పోయినేడు ఎక్కించిన్రు, బతికిండు. మిషన్ ఖాళీగనే ఉన్నదంటున్నరు. ఈయేడు మేం జేసిన తప్పేంది తల్లీ?"

నవంబరు 23, శనివారం పొద్దున రాజయ్య చనిపోయాడు.

ఆ తరవాత ఇరవై ఆరేళ్లు ఈ వృత్తిలో ఉన్నాను. ముదిరిన ఊపిరితిత్తుల జబ్బువాళ్లు మిషన్ ఎక్కితే దిగరన్నమాట నిజం కాదని నాకు నేర్పింది రాజయ్యే. దిగుతారు, అందరూ కాదు గానీ దిగుతారు. దిగినవాడు ఎన్నాళ్లు బతుకుతాడన్నది మాత్రం వార్డులో తేలే సంగతి కాదు. అతను తిరిగి వెళ్లే చోటు ఎలాంటిదో అడగవలసింది డిశ్చార్జి రోజున. మేమంతా ఆ ప్రశ్న అడిగింది రెండోసారి మంచమెక్కాక, మిషన్ ఇవ్వకపోవడానికి కారణంగా. ఈ మాట ఎంత తిప్పి రాసినా నాకు చేదుగానే ఉంది.

లెక్క ఇది. మిషన్ మీద ఉన్నది పదకొండు రోజులు. ఇంటికి వెళ్లాక బతికింది పది నెలల తొమ్మిది రోజులు, అందులో పొయ్యి ముందు ఎనిమిది నెలల పదిహేడు రోజులు. పోయినవి: నలభై ఏడేళ్ల మనిషి ఒకడు, డిసెంబరు ఆఖరుకు మెస్సు వెనక గది, మల్లమ్మకు ఆ ఊళ్లో ఉండే వీలు. సోమవారం ఆపరేషన్ వాయిదా పడింది. ఆ వారమంతా రెస్పిరేటర్ ఎవరికీ పెట్టలేదు.