అప్ప కాడికి

విజయనగరంలో బాలల సంరక్షణ విభాగంలో చేరిన కొత్తలో పద్మజకి ఇక్కడి మాట సగమే అర్థమయ్యేది. ఆమెది మడకశిర. పిల్లలు గబగబా మాట్లాడితే తలూపేసి, తర్వాత తీరిగ్గా ఆలోచించుకునేది.

కుమారి గబగబా మాట్లాడే రకం కాదు. ఆరేళ్ల పిల్ల. కిరండూల్ రైల్లో ఒంటరిగా నిద్రపోతుంటే కొత్తవలసలో పోలీసులు దింపి పిల్లల హోంకి పంపారు. ఏ ఊరని అడిగితే "మా ఊరే" అంటుంది. ఆ తర్వాత ఒకటే పాట: "అప్ప కాడికి ఎల్తాను."

మడకశిర వైపు అప్ప అంటే నాన్న. పద్మజకి సాయంత్రం వాకిట్లో వాళ్ల నాన్న సైకిల్ స్టాండు వేసే చప్పుడు గుర్తొచ్చింది. "మీ అప్పని వెతికి తెస్తాలేమ్మా" అని మాటిచ్చేసింది.

ఫోన్లో ఫొటో చూపిస్తూ ఆ లైను వెంట ఊరూరా తిరిగింది. శృంగవరపుకోట సంతలో ఆచూకీ దొరికింది. లారీలకి సరుకెత్తే కళాసీ చినబాబు అప్పటికే కూతురి కోసం బావులూ తోటలూ గాలిస్తున్నాడు. భార్య పోయి ఏడాదైంది.

పిల్లని ఎవరికి అప్పగించాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందు పద్మజ గర్వంగా పిల్ల భుజం తట్టింది. "అదిగో మీ అప్ప. వెళ్లు."

కుమారి వాళ్ల నాన్నని చూసింది. పద్మజని ఎగాదిగా చూసింది.

"అయ్యని అప్పంతారేటి? మీసాలున్నాయి కదా!"

కమిటీ అధ్యక్షురాలు రాజకుమారి పకపకా నవ్వింది. చినబాబు కూడా కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

"అప్పంటే దీనక్క, మేడంగారూ. మా పెద్దగుంట నీలవేణి. ఆమదాలవలసలో ఇచ్చినాం. అది రైలెక్కి ఎల్లిపోనాది గదా, ఇదీ కనపడిన రైలెక్కీసినాది."

పద్మజ ముఖం ఎర్రబడింది. కానీ అసలు సంగతి అప్పుడే అర్థమైంది. ఇవాళ తండ్రితో పంపితే, పిల్ల మళ్లీ ఏదో ఒక రైలెక్కుతుంది.

"ఆ అక్క దగ్గర ఉంచితేనో?" అంది.

చినబాబు తలొంచుకున్నాడు. "లోడుకెల్లిన దినం పక్కింట్లో వొదిలెల్తన్నాను. అప్ప కాడుంటే బడికెల్తాది. కానీ అత్తోరింట్లో ఉన్నదాన్ని ఎలగడగను?"

"నేనడుగుతాను. వారం గడువిప్పించండి మేడం."

ఆమదాలవలసలో నీలవేణి విషయం వింటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటింటి వైపు చూసి, "మా అత్త ఏటంతాదో" అని గొణిగింది.

అత్త నారాయణమ్మ చేట పట్టుకునే బయటికి వచ్చింది. కాదంటుందేమోనన్న భయంతో పద్మజ పిల్లని ఉంచుకోవడానికి ఉన్న నిబంధనలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. నారాయణమ్మ అంతా విన్నది.

"అయితే గుంటేదీ?"

"హోంలో ఉందండీ. ముందు మీరు ఒప్పుకుంటే..."

"ఈ ముక్క అడగడానికి రైలెక్కొచ్చినావేటి తల్లీ? ఒట్టుకొచ్చీవలసింది!" అని కోడలి వైపు తిరిగింది. "ఒసే, సెల్లి కోసమా ఇన్నాళ్లూ సాటుగా ఏడ్డం? కళ్లెర్రగుంటే కలకనుకున్నాను గదే! అడగడానికి నోరు లేదేటి?"

నీలవేణికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కమిటీ విచారణ ముగిసింది. ఉత్తర్వు చేతికి రాగానే కుమారిని పద్మజే తీసుకెళ్లి దింపింది. చినబాబు ఆదివారాలు వచ్చి చూసిపోయేలా ఒప్పందం.

నెల తర్వాత పిల్ల ఎలా ఉందో చూడ్డానికి మళ్లీ వెళ్లింది. అరుగు మీద నీలవేణి మోకాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది కుమారి. తల నిండా నూనె, పక్కన పుస్తకాల సంచి. హోంలో గేటు చప్పుడైతే చాలు, లేచి పరిగెత్తే పిల్ల ఇప్పుడు కదల్లేదు.

"కుమారీ, ఇలా రామ్మా."

"ఉండు మేడం," అంది తల తిప్పకుండానే. "అప్ప జడేస్తన్నాది, కనపడ్నేదేటి?"

పద్మజ చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుంది. రెండో జడ ఇంకా మొదలే కాలేదు.