మా అమ్మ తిట్లకు పదికి ఎన్ని

మానసిక శాస్త్రంలో చాలా చిన్న ప్రశ్న ఒకటి ఉంది. "మీ ఇంట్లోని ఫలానా వ్యక్తి మిమ్మల్ని ఎంతగా విమర్శిస్తారు? ఒకటి నుంచి పది లోపల ఒక అంకె చెప్పండి." మానసిక వ్యాధి నుంచి కోలుకున్న మనిషి చెప్పే ఆ అంకెను బట్టి, వ్యాధి తిరగబెట్టే అవకాశాన్ని కొంతవరకు అంచనా వేయవచ్చునని పరిశోధకులు గమనించారు. ఎం.ఏ. తరగతిలో ఈ సంగతి విన్న రోజున నా కలం ఆగిపోయింది. సముద్రానికి ఆవల, దీవిలో ఉన్న బతు బస్తీలోని మా ఇంట్లో, మా అమ్మ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

మా నాన్న చేపల వేటకు వెళ్లే మనిషి. అంతకు ముందటి ఏడాది ఆయనకు దిగులు జబ్బు చేసింది. తిండి, నిద్ర తగ్గిపోయి, నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆస్పత్రి మందులతో కోలుకున్నారు. మాత్రలు మానవద్దని, మెల్లగా పనిలోకి దిగమని, ఇంట్లో వాతావరణం చూసుకోమని డాక్టరుగారు చెప్పారు. మాత్రల సంగతి అమ్మ చూసుకుంటోంది. వాతావరణం సంగతి మాత్రం, మా వంశంలో డిగ్రీ అందుకున్న మొదటి మనిషిని గనుక, నా బాధ్యతగా స్వీకరించాను.

చదువు ముగించి ఇంటికి చేరిన మర్నాడే ఒక నోటు పుస్తకంలో రెండు గడులు గీశాను. ఎడమవైపు విమర్శ, కుడివైపు ఆప్యాయత. చిక్కు వెంటనే వచ్చిపడింది. పుస్తకాల్లో విమర్శ ఒక్కటే. మా అమ్మ దగ్గర దెప్పడం వేరు, ఎత్తిపొడవడం వేరు, కసరడం వేరు, సాధించడం వేరు. ఇవి చాలవన్నట్టు ఆమె కోడిని తిట్టి నాన్నకు వినిపించేది.

"ఒసే కోడీ, పొద్దెంతెక్కిందో సూసేవేటే? ఇంకా గూట్లోనే ముడుసుకుని కూకుంతావేటే?"

కోళ్లన్నీ అప్పటికే పెరట్లో తిరుగుతున్నాయి. లోపల మంచం మీద నుంచి నాన్న లేచి కూర్చునేవారు. ఈ తిట్టును ఎవరి పేరిట రాయాలో ఏ గ్రంథంలోనూ లేదు. బాగా ఆలోచించి, సగం విమర్శగా నమోదు చేశాను.

మూడు రోజుల తరువాత అమ్మను వంటింట్లో కూర్చోబెట్టి విషయం వివరించాను.

"నానెప్పుడు తిట్నానే? మాట్టాడ్నాను, అంతే," అంది అమ్మ.

పుస్తకం చూపించాను. తనకు చదువు రాదు గనుక చదివి వినిపించమంది. ఒక్కొక్క తిట్టునూ, ఏ పూట ఏ సందర్భంలో అన్నదో సహా చదివాను. అమ్మ శ్రద్ధగా విన్నది.

"ఇది కూడా నానే అన్నానా?" అని మధ్యలో ఆపి అడిగింది. "బాగానే అన్నాన్లే."

అప్పుడు అసలు మాట చెప్పాను. ఇంట్లో ఇలాంటి మాటలు ఎక్కువైతే నాన్నకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉన్నదన్నాను. అమ్మ ముఖంలో నవ్వు పోయింది. పొయ్యి మీది గిన్నె దించి, చేతులు తుడుచుకుని, "సరే. ఇక నోరిప్పను," అంది.

మా అమ్మ మాట తప్పే మనిషి కాదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో, "కూర వేసుకోండి," "నీళ్లు తాగండి," తప్ప మరొక మాట లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాన్నను మీరు అనడం అదే మొదలు. కోళ్లు సైతం ఇష్టం వచ్చినప్పుడు తిరిగాయి. నా పరిజ్ఞానం ఒక కుటుంబానికి ఉపయోగపడినందుకు నేను లోలోపల తృప్తి పడ్డాను.

మూడో రోజున నాన్న నన్ను అరుగు మీదికి పిలిచారు.

"అమ్మా, నా రిపోర్టేటొచ్చింది?"

"రిపోర్టా? ఏమీ రాలేదు నాన్నా."

"అబద్దమాడకు. మీయమ్మ నన్ను మీరంతంది. బతికుండే మనిసిని ఎవలైనా అలగంటారా?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. మధ్యాహ్నం కంచంలో అన్నం సగం మిగిలింది. ఐదో రోజుకు ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆయన వీపు వైపు, తరువాత నా వైపు చూసింది. మొదటిసారి జబ్బు ఇలాగే మొదలైందని మా ఇద్దరికీ తెలుసు. మళ్లీ వస్తే ఈసారి దానిని తెచ్చినది నేనే అవుతాను.

మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తరగతిలో నేర్చిన ప్రశ్ననే ఆయనను అడిగాను.

"పది," అన్నారు నాన్న, గోడ మీద నుంచి చూపు తిప్పకుండానే.

"అమ్మ ఈ వారంలో ఒక్క మాటా అనలేదు కదా నాన్నా."

"అందుకే పది. మాటైతే ఇటినేసి అటొదిలేత్తాను. ఆ సూపునేటి సేసేది?"

"మరి అంతకు ముందు?"

కాసేపు లెక్క చూసుకున్నారు. "మూడు. కోడికెల్లిపోయినవి తీసేత్తే రెండు."

నా గడుల లెక్క ప్రకారం అది తొమ్మిదికి తక్కువ కాకూడదు. అయితే నిజంగా బాధపెట్టిన మాట ఒక్కటీ లేదా అని అడిగాను. నాన్న ఇటు తిరిగారు.

"ఉన్నాది. అది తిట్టు కాదమ్మా."

నాన్న వేటకు వెళ్లే డింగీ పడవ యజమాని బెంగాలీ మనిషి. నాన్న కోలుకున్నాక రెండుసార్లు పిలవడానికి వచ్చాడు. రెండుసార్లూ నాన్న చొక్కా తొడుక్కుని బయటికి వచ్చేలోగానే, అమ్మ గేటు దగ్గర అతనికి జవాబు చెప్పి పంపేసింది. "ఇన్‌సే నహీ హోగా భయ్యా." ఈయన వల్ల కాదు.

"మెత్తగా సెప్పింది. జబ్బు మనిసి గురించి సెప్పినట్టే సెప్పింది," అన్నారు నాన్న. "నా వల్ల అవుతాదో అవదో నన్నడగాలి కదా?"

ఆ రెండోసారి నేను ఇంట్లోనే ఉన్నాను. పుస్తకం తెరిచి చూశాను. ఆ వాక్యం కుడివైపు గడిలో ఉంది. ఆప్యాయత. ఎదురుగా "గొంతు ఎంతో మృదువుగా ఉన్నది" అని నా వివరణ కూడా ఉంది. రోగిని అతిగా కాపాడబోవడం కూడా విమర్శ లాగే చేటు చేయవచ్చునని నేను చదివిన పాఠంలోనే ఉంది. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో హిందీలో వినిపించేసరికి గుర్తుపట్టలేకపోయాను.

అమ్మ పెరట్లో చేపలు తోముతోంది. జరిగినదంతా చెప్పాను. ఆమె చాలాసేపు తోమిన చేపనే తోమింది.

"నీల్ల మీద మల్లీ గుబులొత్తే? అక్కడ నానుండనే," అంది చివరికి.

"ఆ మాట ఆయనతోనే చెప్పవచ్చు కదమ్మా."

"అలాంటివి మొగుడికి సెప్తారేటే?"

పాత పద్ధతిలోనే మాట్లాడవచ్చునని, అయితే తప్పు జరిగితే ఆ పనిని అనాలే తప్ప మనిషిని అనరాదని బోధించాను.

"పనిని తిడితే పనికినపడతాదేటి? నువ్వెల్లు, పుస్తకంలాగ మాట్టాడకు."

ఆ సాయంత్రమే, నాన్న దుప్పటి సరిగా మడవలేదని ఆమె పావుగంట సేపు మాట్లాడింది. నాన్న దుప్పటి మళ్లీ మడిచారు. అన్నం పూర్తిగా తిన్నారు.

నాలుగు రోజులకు డింగీ యజమాని మళ్లీ వచ్చాడు. అలవాటు ప్రకారం అమ్మనే అడిగాడు.

"భాభీ, దాదా చలేంగే క్యా?" వదినా, అన్న వస్తాడా?

నాన్న గుమ్మం లోపలే నిలబడ్డారు. అమ్మ పెదవులు కదలడం నాకు కనిపించింది. ఆ మాటను ఆమె ఎలా మింగిందో తెలియదు గాని, మింగింది.

"ముఝ్‌సే క్యా పూఛ్‌తే హో భయ్యా, ఉన్సే పూఛో," అని, తనను కాదు ఆయననే అడగమని చెప్పి, గిరుక్కున నాన్న వైపు తిరిగింది. "నోట్లో ముత్తేలున్నాయేటి? ఒత్తావో రావో సెప్పు ఆ మనిసికి."

"ఒత్తాను," అన్నారు నాన్న. "దూరమొద్దు. చాతం వైపెల్లి గాలమేసి ఒచ్చేద్దాం."

అమ్మ క్యారేజీలో అన్నం సర్ది, మాత్రలు కాగితంలో చుట్టి పైన పెట్టింది. తువ్వాలు మరిచిపోయినందుకు ఒకసారి, చెప్పులు నెమ్మదిగా తొడుక్కున్నందుకు ఇంకోసారి కసిరింది. వాళ్లిద్దరూ రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయారు. ఆమె గేటు పట్టుకుని అక్కడే నిలబడింది.

"లోపలికి రామ్మా," అన్నాను.

"నువ్వెల్లు. నాకిక్కడ పనుంది," అంది అమ్మ.

ఆమె చేతిలో ఏ పనీ లేదు.