జాబ్రియా అక్క చూసొచ్చిన ఊరు

నా చిన్నప్పుడు, మేము కువైట్‌లో రిగ్గైలో ఉండగా, వేసవి సెలవుల తర్వాత బడి తెరుస్తారంటే నా గుండెల్లో రాయి పడేది. ఎవరెవరు ఏ ఊరు వెళ్లొచ్చారో తరగతిలో నిలబడి చెప్పాలి. ఆ ఏడు నాన్నకు సెలవు దొరక్క మేమెక్కడికీ కదల్లేదు. నేను మాత్రం ఇంగ్లండు వెళ్తున్నామని స్నేహితురాళ్ల ముందు కోతలు కోసేశాను.

నిజంగా ఇంగ్లండు వెళ్లొచ్చింది జాబ్రియా అక్క. కడప వైపు పల్లె ఆమెది. జాబ్రియా అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో పని చేసేది, అందుకే ఆ పేరు. శుక్రవారాలు మా అమ్మ చేత ఉత్తరం రాయించుకోవడానికి వచ్చేది. ఆ ఇంటి యజమానురాలిని, అక్కడి వాడుకలో అమ్మ అన్నట్టు, మామా అనేది. మామా కొడుకు ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో చదువుకునేవాడు. అతన్ని చూడడానికి వెళ్తూ, తన ముసలి తల్లిని కనిపెట్టుకుని ఉండడానికి అక్కను కూడా తీసుకెళ్లింది.

బడి తెరవబోయే ముందు శుక్రవారం నోటుపుస్తకం పట్టుకుని అక్క పక్కన చేరాను. నా కోతల సంగతి దాచి, ఆ ఊరి గురించి చెప్పమన్నాను.

అక్క సర్దుకుని కూర్చుంది. "ఆడి సంత అచ్చం మన సంతే పాపా! శనివారం శనివారం నడిబజార్లో పెడతారు. కాకపోతే అరుపులుండవు" అంది. బజారు మధ్యలో రాతి స్తంభాల మీద నిలబెట్టిన పాత మేడ ఉందట. దాని కింద ఒకప్పుడు వెన్న, గొర్రెబొచ్చు అమ్మేవారట. మామా కొడుకు వాళ్ల అవ్వకు అరబ్బీలో చెబుతుంటే అక్క వినేదట. ఒక దుకాణపామె జున్నులాంటి గట్టి ముక్క కోసి అక్కకూ రుచి చూపించిందట. ఊరి బయట, ఏటి వంతెన దాటాక, గుట్ట మీద కోట. ఏదో యుద్ధంలో ఫిరంగులు పేల్చి సగం గోడలు కూల్చేశారట.

"కోట లోపల ఏముందక్కా?"

"తెలీదు పాపా. అన్నీ మెట్లు. ముసలామెది చక్రాల కుర్చీ. వాళ్లంతా పైకి పోతే నేను ఆమెకాడే ఉండిపోతిని."

నాకు చిరాకేసింది. లోపల బంగారు సింహాసనం ఉందని రాసుకుంటానన్నాను. అక్క నా పెన్సిలు మీద చెయ్యి పెట్టింది.

"వద్దు పాపా. సూడంది ఒక్కటి కలిపితే, సూసింది కూడా ఎవురూ నమ్మరు. వచ్చి రెండు నెలలాయె. ఇంటికాడోళ్లు ఎప్పుడొస్తావని అడిగినారు గానీ, ఏం సూసినావని ఎవురూ అడగలే. నువ్వే అడిగినావు."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకు అడిగానో చెప్పేశాను. ఆమె తిట్టలేదు. నా పెన్సిలు మీంచి చెయ్యి తీసి, "సరే, నువ్వు కాదు, నేను పోయినానని చెప్పు. బాగా చెప్పు" అంది.

బడిలో నా వంతు వచ్చింది. నేను వెళ్లలేదు, మా అక్క వెళ్లింది అన్నాను. ఏ అక్క అన్నారు. జాబ్రియాలో పని చేసే అక్క అన్నాను. నవ్వారు. టీచరు కానివ్వమన్నట్టు తల ఊపింది. సంత నుంచి కోట దాకా అంతా చెప్పాను. లోపల ఏముందని ఒకమ్మాయి అడిగింది. మాకు తెలియదు, అక్క ముసలామెను వదిలి వెళ్లలేదు అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాతి శుక్రవారం అక్క అదంతా మళ్లీ నా చేత చెప్పించుకుంది. కళ్లు మూసుకుని విని, రెండుచోట్ల తప్పు దిద్దింది. ఆ రోజు అమ్మ రాసిన ఉత్తరంలో, క్షేమసమాచారాల కింద, ఆ ఊరి సంగతి ఒక పేజీ నిండా పట్టింది.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. ఏ ఊరైనా వెళ్లొచ్చి మా ఇంటికి ఎవరొచ్చినా, పని మీద వెళ్లొచ్చినవాళ్లయినా సరే, ఏం చూశారని అడిగి కూర్చుంటాను. తెలియదని వాళ్లు ఆగిన చోట నేనూ ఆగుతాను.