పేర్లు పిలిచే తండా

నేను హైదరాబాద్‌లో జర్నలిజం చివరి ఏడాది చదువుతున్నాను. మా ఇల్లు బాన్సువాడలో. అమ్మ అక్కడే రైస్ మిల్లులో పనికి పోతుంది. చదువు అయిపోగానే నేను ఏదో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కుదురుకోవాలని ఆమె ఆశ. విలేకరినవుతానంటే, ఆ ఎండలో పడే పాట్లేవో నేను పడుతున్నాగా అంటుంది. పోయిన చలికాలం ఒక యూట్యూబ్ న్యూస్ ఛానెల్ వాళ్ల దగ్గరికి ఉద్యోగం అడగడానికి వెళ్లాను. అక్కడి ఇన్‌ఛార్జి మా ఊరి పేరు వినగానే లేచి కూర్చున్నాడు. పెద్ద కొడప్‌గల్ వైపు ఒక తండా ఉందట, అందులో మనుషులు లేరట, మిట్టమధ్యాహ్నం ఎవరో పేర్లు పెట్టి పిలుస్తారట. ఆ గొంతును వీడియోలో పట్టుకొస్తే వెంటనే పనిలో చేర్చుకుంటానన్నాడు. దయ్యాలను నేను నమ్మను. అసలు సంగతి తేల్చి చూపిస్తే అదే నా మొదటి వార్త అవుతుందనుకున్నాను.

పొద్దున ఎనిమిది దాటాక బాన్సువాడ బస్టాండులో బిచ్కుంద బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, కాబట్టి అక్కడిదాకా ఖర్చు లేదు. మంచు ఇంకా విడవలేదు. కిటికీలోంచి వరి మళ్లు కనబడి మళ్లీ మాయమవుతున్నాయి. బిచ్కుందలో దిగి ఇడ్లీ తిని, తండాకు ఆటో అడిగితే ఇద్దరు రామన్నారు. మూడో ఆయన నాలుగు వందలకు ఒప్పుకున్నాడు, అదీ మలుపు దాకానే. దారిలో వివరాలు అడిగితే, ఆ పిలుపు తన చెవులతో తానే విన్నానన్నాడు. దసరా పోయాక తండావాళ్లంతా చెరుకు కొట్టడానికి మద్నూర్ మీదుగా మహారాష్ట్రకు లారీల్లో పోతారట. ఎండాకాలం దాకా రారట.

మలుపు దగ్గర దింపుతూ, సాయంత్రం నాలుగింటికి అక్కడికే వస్తానన్నాడు. కాస్త ఆగి, అసలు మాట అప్పుడు చెప్పాడు.

"చెల్లె, నీ పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలుకకు."

కంది చేల మధ్య మట్టిబాట. అరగంట నడిస్తే తండా వచ్చింది. మంచు విడిచిపోయింది, ఎండ తెల్లగా కాస్తోంది. కోడి లేదు, కుక్క లేదు. ప్రతి తలుపుకూ తాళం. ఖాళీ ఊరంటే దుమ్ము, ఎండుటాకులు ఉంటాయనుకున్నాను. కానీ ప్రతి వాకిలీ అప్పుడే ఊడ్చినట్టుంది. తడి ఇంకా ఆరలేదు. ప్రతి గడప పక్కనా ఒక బిందె, నిండా నీళ్లు. ఒక ఇంటి ముందు దండెం మీద చిన్నపిల్ల గౌను ఆరేసి ఉంది. తడిమి చూస్తే తడిగా తగిలింది. ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టాను.

అప్పుడు వినబడింది. ఇళ్ల వెనక నుంచి, సన్నగా, సాగదీసి, ఒక మగమనిషి పేరు. తర్వాత మౌనం, బదులు కోసం ఆగినంత సేపు. మళ్లీ ఇంకో పేరు, ఈసారి ఆడమనిషిది. ఒక్కో పేరుకూ ఆ గొంతు దగ్గరవుతోంది. పరుగెత్తాలనిపించింది కానీ ఎటు పరుగెత్తాలో తెలియలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

గోడ మలుపులోంచి ఒక ముసలమ్మ వచ్చింది. అద్దాల రవిక, మోచేతుల పైదాకా తెల్లటి గాజులు, చేతిలో చీపురు. నన్ను చూసి బెదరలేదు, పలకరించనూ లేదు. పక్కింటి గడప ముందు నిలబడి ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచింది, కాసేపు చెవి ఒగ్గింది, తర్వాతి ఇంటికి కదిలింది. ఆమె వెనకే నడిచాను. చిట్టచివరి ఇంటి ముందు "గోప్యా" అని పిలిచింది. తాళం వేసిన ఆ తలుపు వెనక ఎవరో దగ్గారు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, పొడి దగ్గు. ముసలమ్మ తలాడించి, గడప మీద కూలబడింది.

ఆమె పేరు సాలీబాయి. నీళ్లు తాగించాక మాట కలిపాను. ఊరంతా పోతుంటే వయసు మీదపడి పోలేక తానొక్కతే మిగిలిందట. వాకిళ్లు ఊడ్చి, బట్టలు తడిపి ఆరేసి, బిందెలు నింపి పెడుతుందట, చూసేవాళ్లకు ఇళ్లల్లో మనుషులున్నట్టు కనబడాలని. పేర్లు పిలిచేదీ అందుకే. వెనక ఒకసారి, అందరూ వలసపోయిన సంగతి తెలిసి ఎవరో తాళాలు పగలగొట్టి గింజలు, గిన్నెలు ఎత్తుకుపోయారట. దయ్యం పుకారు పుట్టాక ఎవరూ ఇటు రావడం లేదట.

లోపల ఉన్నది ఎవరని అడిగాను. ఆమె చీపురు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ ఇన్నవా బిడ్డా?"

విన్నానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకొక్కదానికే ఇనవడ్తదనుకున్న. గోప్య నా కొడుకు. చెరుకు కాడనే పోయిండు. ఆడనే కాలవెట్టి వచ్చిండ్రు, మొఖం గూడ సూడలే."

తాళంచెవి ఆమె నడుముకే ఉంది. తెరిచి చూద్దామా అని అడిగాను. పిల్లి దూరి ఉండొచ్చు, పైకప్పు రేకు కదిలి ఉండొచ్చు. ఆమె తాళంచెవి మీద చెయ్యి పెట్టుకుని వద్దంది. నేను మళ్లీ అడగలేదు. ఎండలో కూర్చుని కూడా నాకు చలి పుడుతోంది.

నేను లేవబోతుంటే ఆమె ఫోన్ వైపు చూపించి, అది పేపర్ల వస్తదా అని అడిగింది. దయ్యం ఉందంటే కుర్రాళ్లు బండ్లేసుకుని గుంపులుగా వస్తారు. దయ్యం లేదు, ఒక ముసలామె ఉందంటే దొంగలు వస్తారు. నేను తేల్చుదామనుకున్న నిజం ఆమెకున్న ఒక్క కాపలానూ తీసేస్తుంది.

"మావోళ్లు వచ్చినంక ఏం రాస్తవో రాయి," అంది.

సాయంత్రం ఆటో ఆయన చెప్పిన వేళకే వచ్చాడు. పిలుపు వినబడిందా అని అడిగితే వినబడిందన్నాను. అంతకుమించి చెప్పలేదు. ఇంటికొచ్చి ఛానెల్‌కు ఫోన్ చేసి వీడియో ఇవ్వలేనని చెప్పాను. ఇన్‌ఛార్జి, ఈ మెత్తదనంతో ఈ పని చెయ్యలేవని ఫోన్ పెట్టేశాడు. అమ్మ నేను చెప్పిందంతా విని, ఆఫీసు ఉద్యోగం ఊసెత్తకుండా అన్నం పెట్టింది.

ఎండాకాలంలో మళ్లీ వెళ్లాను. తండా నిండా పిల్లలు, కోళ్లు, గొడవలు. గోప్యతో పనిచేసినవాళ్లతో రెండు రోజులు మాట్లాడాను. జ్వరంతో ఉన్నా కోత ఆపనివ్వలేదని, దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైందని ముగ్గురు విడివిడిగా ఒకే మాట చెప్పారు. వాళ్లను కోతకు తీసుకుపోయిన మేస్త్రీకి ఫోన్ చేసి ఆయన మాటా రాసుకున్నాను. తండా పేరు లేకుండా ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఆ కథనం వచ్చింది. అది చూసి కార్మిక శాఖ నుంచి ఒక అధికారి, పేపర్ వాళ్లను అడిగి తెలుసుకుని, సాలీబాయిని వెతుక్కుంటూ వచ్చాడట. పరిహారం ఇంకా తేలలేదు కానీ విచారణ నడుస్తోంది. ఆ పేపర్ వాళ్లే నన్ను బిచ్కుంద, మద్నూర్ వైపు వార్తలు రాయమన్నారు.

ఆ కథనంలో దగ్గు సంగతి రాయలేదు. తలుపు తెరవకుండా దాన్ని వార్త అనలేను. విన్నానని ఒక తల్లికి చెప్పాక అబద్ధమనీ అనలేను. విలేకరి కావాలంటే అన్నీ తేల్చాలనుకునేదాన్ని. తేలనిదాన్ని తేలనట్టే ఉంచుకుని, తేలేదాని వెంట పడడం కూడా ఈ పనిలో భాగమేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఈ వైపు చలికాలంలో తిరిగేవాళ్లకు ఒక్క మాట: తాళాలు వేసిన ఇళ్లు కనబడితే, ఊరి పేరు, లొకేషన్ పెట్టి ఫొటోలు పోస్ట్ చెయ్యకండి, ఆ ఇళ్లవాళ్లు తిరిగొచ్చేదాకా ఆగండి.