కొలిమికొండ దగ్గరి ఏరు

మొన్న శనివారం మా క్యారీ ఊరి లైబ్రరీలో పాత పుస్తకాల అమ్మకం పెట్టారు. వంటల పుస్తకాలేమైనా దొరుకుతాయేమోనని వెళ్లినదాన్ని, ఒక అట్టపెట్టె అడుగున పడివున్న పుస్తకాన్ని చూసి, చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా అక్కడే నేలమీద చతికిలబడ్డాను. స్కాట్లండు ఉత్తరాన మారుమూల కొండల్లో కాలినడకన తిరిగేవాళ్ల కోసం వేసిన దారిపటాల పుస్తకం అది. అందులో దారులన్నీ గీసింది నేనే. విషయసూచిక చూడకుండానే నా చెయ్యి తిన్నగా ఒక పేజీకి పోయింది. ఆ పేజీ కిందిభాగంలో ఒక వాక్యం ఉంది, ఏటిని రాళ్ల మీదుగా తేలిగ్గా దాటవచ్చునని. ఇరవై ఏళ్లు గడిచినా ఆ ఒక్క వాక్యాన్ని వేలితో కప్పకుండా ఆ పేజీ చూడలేకపోయాను. ఎందుకో చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను, ఇప్పుడు చెబుతాను.

ఆ రోజుల్లో హెచ్-వన్ వీసా మీద వచ్చిన మనవాళ్లు చాలామంది బ్యాంకులకూ ఇన్సూరెన్సు కంపెనీలకూ ప్రోగ్రాములు రాస్తుంటే, సివిల్ ఇంజనీరింగు చదివి మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న పాపానికి నాకు పటాలు తయారుచేసే చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పెద్ద కంపెనీలన్నీ ఉండే రీసెర్చ్ ట్రయాంగిల్‌కు దగ్గరలో, ఒక పళ్ల డాక్టరు క్లినిక్ వెనకాల, కిటికీ అన్నది లేని పొడుగాటి గదిలో పన్నెండుమందిమి పనిచేసేవాళ్లం. స్కాట్లండు పుస్తకం నా వాటాకు వచ్చింది. అక్కడొక రిటైరైన బడిపంతులు నలభై ఏళ్లుగా ఆ కొండలన్నీ తిరిగి రాసుకున్న చేతిరాత నోట్సు మాకు స్కాన్ చేసి పంపేవారు. ఆయన చెప్పిన దారిని ఎత్తులు చూపే గీతలున్న పటం మీద గీయడం, ఆయన రాతకూ నా గీతకూ ఎక్కడైనా పొసగకపోతే పక్కనే ఒక వ్యాఖ్య పెట్టడం, ఇదీ నా పని. ఆ పంతులుగారు మా మేనేజరుకు మేనమామ వరస అవుతారని మాత్రం ఇక్కడే చెప్పి ఉంచుతాను, ముందు ముందు అవసరపడుతుంది.

ఆ కొండల పేర్లన్నీ గేలిక్ భాషలో ఉండేవి. ఉన్న అక్షరాల్లో సగం పలకరు, పలికేవాటిలో సగం ఉండవు. మా మేనేజరుకు ఆ దేశపు రక్తం ఉన్నా ఆయనకూ నాకూ నోరు ఒక్కలాగే తిరిగేది కాదు. పంతులుగారు మాత్రం ప్రతి పేరు పక్కనా అర్థం రాసేవారు, పాఠం చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది! అది చూసి నేను నా సౌకర్యం కోసం వాటన్నిటికీ తెలుగు పేర్లు పెట్టుకున్నాను. అన్ చాలఖ్ అంటే కొలిమి అట, అది నాకు కొలిమికొండ అయింది. దాని ఎదురుగా, ఏటికి అవతలి పక్క, లోపలెక్కడో ఉన్నది కన్నెకొండ. దానికి తోడుగా ఎర్రరాతి ముక్కలతో పేర్చినట్టుండే ఎర్రకుప్ప. రోడ్డు నుంచి వీటి పాదాల దగ్గరికి పోవడానికే ఒక పూట పడుతుంది. దారిలో ఊరు లేదు, చెట్టు నీడ లేదు, కాలు వేస్తే పిక్కల దాకా దిగిపోయే నల్లటి బురదనేల. కొలిమికొండ కింద తాళంలేని రాతి గుడిసె ఒకటుంది, దారిన పోయేవాళ్లెవరైనా అందులో తలదాచుకోవచ్చు. అక్కడినుంచి ఏరు దాటితేనే కన్నెకొండ. దాని కొనకు ఎక్కితే పడమటి వైపు నేల ఉన్నపాటున తెగిపోయి, ఎక్కడో పాతాళంలో సరస్సు కనిపిస్తుందని పంతులుగారు రాస్తే, కుర్చీలో కూర్చున్న నాకు అరికాళ్లు జలదరించాయి.

అంత దూరపు కొండల్లో ఏ మలుపులో గాలి ఎటు వీస్తుందో తెలిసిన నాకు, మా అపార్ట్‌మెంట్ వెనకాల ఉన్న చెట్లలోకి పోయే దారి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోరు, అంతే. పాస్‌పోర్టులో వీసా ముద్రకు గడువు తీరిపోయింది. దేశం దాటితే మళ్లీ కాన్సులేటుకు పోయి స్టాంపింగ్ చేయించుకోవాలి, అక్కడ ఇరుక్కున్నవాళ్ల కథలు వారానికొకటి వినేవాళ్లం. దానికితోడు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, మావారి ప్రాజెక్టు పోయి ఆయన నా వీసా మీద డిపెండెంటుగా మారారు, పని చేయడానికి వీల్లేదు. అమ్మాయికి నాలుగేళ్లు. నా ఆరేళ్ల గడువులో ఐదో ఏడు నడుస్తోంది, ఆఫీసువాళ్లు గ్రీన్‌కార్డు కాగితాలు మొదలుపెట్టకపోతే ముగ్గురమూ సామాను సర్దుకోవాలి. మేనేజరు ఒకసారి సరదాగా, సెలవిస్తాను, పోయి ఆ కొండలు చూసి రారాదూ అంటే, చూస్తానులెండి అన్నట్టు నవ్వాను. అడుగుదామనుకున్న కాగితాల మాట అడగకుండానే నా సీటుకు తిరిగి వచ్చేశాను. అప్పట్లో నాకు కలలు కూడా గోడల గురించే వచ్చేవి.

పుస్తకం ముగింపుకు వచ్చే రోజుల్లో ఆ ఏరు దగ్గరికి వచ్చాను. ఇక్కడ మా నాన్నగారి సంగతి కొంచెం చెప్పాలి. ఆయన రంపచోడవరం వైపు రోడ్ల శాఖలో ఓవర్సీరు. నా చిన్నతనమంతా ఆ ఏజెన్సీ దారుల్లోనే గడిచింది. కొండవాగు స్వభావం మైదానపు వాళ్లకు ఓ పట్టాన అర్థం కాదు. మన నెత్తిన ఎండ కాస్తూ ఉంటుంది, ఎగువన ఎక్కడో కురిసిన వానకు మోకాటిలోతు వాగు అరగంటలో మనిషెత్తు అవుతుంది. ఒకసారి మేమెక్కిన జీపు అవతలి గట్టున ఉండిపోయి, ఇవతలి గట్టున క్వార్టర్సు కళ్లకు కనబడుతూనే ఉండగా, రెండు రోజులు మేము అటుకులు తిని గడిపాం. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా గట్టు దిగకూడదని నాన్నగారు మాకు ఎక్కాలకంటే ముందు నేర్పారు.

పటం మీద ఆ ఏటిని చూడగానే నాకు వాగు కనిపించింది. మూడువైపుల నుంచీ కొండలు, వాన నీటిని పీల్చుకోవడానికి అడవి లేదు, అన్నీ బండలు, పైనుంచి దిగే ఐదు పాయలూ సరిగ్గా మనిషి దాటే చోటికి కాస్త ఎగువన కలుస్తున్నాయి. పొద్దున పాదరక్షలు తడవకుండా దాటినవాడికి మధ్యాహ్నం వాన పడితే తిరుగుదారి లేదు. పంతులుగారేమో తేలిగ్గా దాటవచ్చునన్నారు. నేను బుధవారం నాడు ఆ వాక్యం పక్కన వ్యాఖ్య పెట్టాను, ఎగువన వాన పడితే ఇక్కడ దాటడం ప్రాణాపాయమనీ, చదివేవాళ్లను తప్పకుండా హెచ్చరించాలనీ. పెట్టి ఇంటికి వచ్చి, మాటవరసకు మావారితో అన్నాను.

ఆయన తింటున్న కంచం పక్కకు జరిపి నావైపు చూశారు. "నువ్వేమైనా ఆ కొండ ఎక్కి చూశావా? ఫార్టీ ఇయర్స్ తిరిగిన మనిషిని, అందులోనూ మీ మేనేజర్ మేనమామని కరెక్ట్ చేస్తావా? గ్రీన్‌కార్డ్‌కి లేబర్ ఫైల్ అయ్యేదాకా కామెంట్స్ పెట్టకు, ప్లీజ్" అన్నారు. ఎడిసన్‌లో మాకు తమ్ముడి వరసయ్యే అతను ఒకడుండేవాడు, వీసా విషయాల్లో అందరూ అతన్నే అడిగేవారు. అతనికి ఫోన్ చేస్తే అతనూ అదే పాట. "అక్కా, మా టీమ్‌ల ఒకడు గిట్లనే మేనేజర్‌కి మిస్టేక్ చూపిచ్చిండు, నెక్స్ట్ మంత్ ప్రాజెక్ట్‌ల లేడు. నీకెందుకక్కా రిస్క్, డిలీట్ కొట్టెయ్."

వాళ్లను తప్పుపట్టను. నాలో ఉన్న భయాన్నే వాళ్లు పైకి అన్నారు. గురువారమంతా కక్కలేక మింగలేక కూర్చున్నాను. పంతులుగారు నలభై ఏళ్లు తిరిగారు కదా, ఆయనకు తెలియదా అని ఒకసారి, ఆ ఏరు వేరు మా ఏజెన్సీ వాగు వేరు అని ఒకసారి నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. శుక్రవారం పొద్దున ఆఫీసుకు పోయి, ఎవరూ రాకముందే, ఆ వ్యాఖ్య చెరిపేశాను. పుస్తకం అచ్చుకు పోయింది. నాకు ఆ వారాంతం నిద్ర కూడా బాగానే పట్టింది, అబద్ధమెందుకు చెప్పాలి!

మరుసటి ఏడాది ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడకు అరవై ఏళ్లుంటాయి. ఆవిడా చెల్లెలూ మా పుస్తకం పట్టుకుని ఆ గుడిసె దగ్గరినుంచి బయలుదేరి, పొద్దున్నే రాళ్ల మీదుగా ఏరు దాటి కన్నెకొండ ఎక్కారట. దిగుతుంటే వాన పట్టుకుంది. గట్టుకు వచ్చేసరికి రాళ్లు మునిగిపోయాయి. అవతల గుడిసె కనిపిస్తూనే ఉంది, లోపల ఆరబెట్టుకున్న తమ బట్టలు కూడా వాళ్లకు గుర్తొస్తూనే ఉన్నాయి. తడిసి ముద్దై ఒక బండ చాటున రెండు రోజులు ఉండిపోయారు. రెండో రోజు చెల్లెలు ఓపిక పట్టలేక దిగింది. నీళ్లు ఆవిణ్ణి ఎత్తి దిగువన రాళ్లకేసి కొట్టాయి. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఉత్తరంలో తిట్లేమీ లేవు. తేలిగ్గా దాటవచ్చునని మీరు రాశారు కనుక, వాన తగ్గకపోయినా నీళ్లు తగ్గుతాయని మేము నమ్మాం అని మాత్రం ఉంది.

ఆ మధ్యాహ్నం మేనేజరు నన్ను తన గదికి పిలిచారు. చెరిపేసిన వ్యాఖ్యలను కూడా మా సాఫ్ట్‌వేర్ దాచి ఉంచుతుందని నాకు తెలియదు. అది తెర మీద పెట్టి ఉంది, నా పేరుతో, తేదీతో సహా. గుమ్మం నుంచి ఆయన బల్ల దాకా పది అడుగుల్లోనే అపార్ట్‌మెంట్ లీజు, కారు, అమ్మాయి బడి అన్నీ మనసులో రద్దు చేసుకుంటూ నడిచాను. ఆయన కోప్పడలేదు. ఎందుకు తీసేశావని మాత్రం అడిగారు. ఈ దేశంలో అడుగుపెట్టాక మొదటిసారి ఒక అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాను, అప్పట్లో కాగితాల మీద మీ సంతకం కావలసి ఉండింది, మీ మేనమామను తప్పుపడితే పెట్టరేమోనని భయపడ్డాను అని.

 ఆయన సొరుగు తీసి ఒక కాగితం నా ముందు పెట్టారు. నా గ్రీన్‌కార్డు మొదలుపెట్టమని లాయరుకు రాసి సంతకం చేసిన ఉత్తరం నకలు. దాని మీది తేదీ నేను వ్యాఖ్య చెరిపిన రోజుకు రెండు వారాల ముందుది. లాయరు ఆఫీసు నుంచి నాకు ఎప్పుడో కబురు వచ్చి ఉంటుందని ఆయన అనుకున్నారట. వాళ్లు కాగితాలన్నీ సిద్ధమయ్యాకే, అంటే ఆ ఉత్తరం అందిన ఆరు వారాలకు గానీ నాకు చెప్పలేదు. ఈ మధ్యలో ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. అడగడానికీ భయమే. "యూ కుడ్ హావ్ జస్ట్ ఆస్క్డ్ మీ" అన్నారాయన, నెమ్మదిగా. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

రెండో ముద్రణలో హెచ్చరిక వాక్యం నా చేతే రాయించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గదా. మేనేజరు పంతులుగారికి ఫోన్ చేస్తే ఆయన ఎంతో నొచ్చుకుని, మబ్బు కమ్మితే నేను ఎప్పుడూ గట్టు దగ్గరినుంచే వెనక్కి తిరిగేవాణ్ణి, అది వేరే రాయాలని తోచనే లేదు అన్నారట. ఆ అక్కచెల్లెళ్లకు క్షమాపణ ఉత్తరం మేనేజరు రాశారు, అందులో నా ఊసు లేదు. నన్ను కాపాడారని అప్పుడు దండం పెట్టుకున్నాను గానీ, ఆ చెల్లెలి విరిగిన చేతికి నేను స్వయంగా చెప్పుకోవలసిన జవాబు ఒకటి అలా ఎప్పటికీ చెప్పకుండా మిగిలిపోయింది.

గ్రీన్‌కార్డు చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మావారికి మళ్లీ ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీ మూతపడింది. ఇప్పుడు కొండదారులు గీయడానికి మనుషులు గదిలో కూర్చోనక్కర్లేదు, నడిచేవాడి ఫోనే గీసుకుంటుంది. ఏ దేశానికి పోవాలన్నా నన్ను అడిగేవాళ్లు లేరు, కాకపోతే డాక్టరు మెట్లు కూడా చూసి దిగమంటున్నాడు. ఈ తరం పిల్లలు మాలాగా కాదు, వీసా నియమాలన్నీ గ్రూపుల్లో చర్చించుకుంటారు, లాయర్లనే నిలదీస్తారు, వీళ్లకు భయం తెలియదని నేను నిజంగానే నమ్ముతూ వచ్చాను.

పోయినవారం మా వీధి చివర ఉండే అమ్మాయి పులిహోర పట్టుకెళ్లడానికి వచ్చింది. మందుల కంపెనీలో పరీక్షల లెక్కలు సరిచూసే ఉద్యోగం. మాటల్లో మాటగా, తమ రిపోర్టులో ఒక చోట అంకెలు తేడాగా ఉన్నాయనీ, రెండు వారాలుగా చూస్తున్నాననీ, ఎవరికీ చెప్పలేదనీ అంది. డబ్బాలో పులిహోర సర్దుతున్నదాన్ని గరిటె కింద పెట్టేశాను. రేపే వెళ్లి మీ మేనేజర్‌కి చెప్పమ్మా అని చెయ్యి పట్టుకుని, నా కథంతా దాచకుండా చెప్పాను. శ్రద్ధగా విన్నది. "డెఫినెట్‌గా చెప్తాను ఆంటీ, ఒక్కసారి స్టాంపింగ్ అయ్యి రానివ్వండి" అని నవ్వి, డబ్బా మూత బిగించుకుని వెళ్లిపోయింది. ఆ నవ్వు ఆనాడు మా మేనేజరు ముందు నేను నవ్విందే. వాళ్ల మేనేజరూ మంచివాడే అయ్యుంటాడు. ఆ సంగతి ఆ పిల్లకు తెలిసేలోగా, ఎవరి చెయ్యి విరుగుతుందో.