అత్తయ్య హారన్ కొట్టరు

బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల ఫ్యాను కింద భోజనాలు చేస్తూ మేం వానలు వెనకబట్టాక ఏమేం చెయ్యాలో తేల్చేస్తుంటాం. ఈ వేసవిలోనూ అంతే. మావారు కొల్లేరు తీసుకెళ్ళి పక్షుల్ని చూపిస్తానన్నారు. ఏటా అంటారు. ఆయన ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే రైలెక్కితే చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరరు, ఆదివారం మంచం దిగరు. పక్షులు ఆయన కోసం కాచుకోకుండా వచ్చి వెళ్ళిపోతుంటాయి. మా అమ్మాయి పడవెక్కాలంది. మావయ్యగారు దసరాలోపు ఇంటికి రంగులు వేయిస్తానని, ఏ రంగన్నది మాత్రం ఇంకా ఆలోచించాలని అన్నారు. అదీ ఏటా ఉండేదే.

అత్తయ్య మజ్జిగ పోస్తూ, "అట్లతద్దికి నేను దెందులూరు వెళ్తాను. స్కూటీ మీద. ఒక్కదాన్నే," అన్నారు.

ఎవరి చేతిలో ముద్ద వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. అత్తయ్యకి అరవై దగ్గర పడుతున్నాయి. ఇంట్లో ఉన్న స్కూటీ నాది. దాని మీద ఆవిడ ఎప్పుడైనా వెనక కూర్చోవడమే గానీ హ్యాండిల్ ముట్టుకున్న పాపాన పోలేదు.

దెందులూరులో ఉన్నది అత్తయ్య సొంత చెల్లెలు, మాకు పిన్నిగారు. మేముండే వట్లూరు నుంచి ఏలూరు దాటి హైవే ఎక్కితే ఎంతో దూరం లేదు. అయినా పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తయ్య అక్కడికి వెళ్ళింది మావయ్యగారి బండి వెనక కూర్చునే. మావయ్యగారు మంచివారు. కాకపోతే ఎవరింట్లోనూ కుదురుగా కూర్చోలేరు. కాఫీ తాగుతారు, వరి ఎలా ఉందో అడుగుతారు, చేపల చెరువు సంగతి అడుగుతారు, గడియారం చూసి లేచి నిలబడి, వెళ్దామా అంటారు. అక్కాచెల్లెళ్ళు అప్పుడే అసలు కబురులోకి దిగి ఉంటారు.

ఆవకాయకి ఆవపిండి జల్లిస్తున్నప్పుడు అత్తయ్య నాతో మనసులో మాట చెప్పేశారు. "నాకేం ఊళ్ళు తిరగాలని లేదమ్మాయ్. ఒక్కసారి, వెళ్దామా అనేవాళ్ళు లేకుండా మా చెల్లి దగ్గర కూర్చోవాలనుంది."

నేను బడిలో టీచర్ని. వేసవి సెలవులు. నేర్పిస్తానని మాటిచ్చేశాను. ఇచ్చాక భయం వేసింది.

మా ఇంటి వెనక కొత్తగా వేసిన లేఅవుట్ ఉంది. రోడ్లు వేశారు, ప్లాట్లకి రాళ్ళు పాతారు, స్వాగత ద్వారం కూడా కట్టారు. ఇళ్ళే లేవు. ఎండెక్కక ముందే అక్కడికి వెళ్ళేవాళ్ళం. క్లాసులో నేను 'ఆగు' అంటే పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. అత్తగారిని అలా అనలేను కదా. మొదటి రోజు ఆవిడ తుమ్మ పొదవైపు వెళ్తుంటే, "అత్తయ్యగారూ, కాస్త బ్రేకు పట్టుకుంటారా అండీ" అన్నాను. నా మర్యాద పూర్తయ్యేసరికి ఆవిడ పొదలో ఉన్నారు. చీరకి పట్టిన ముళ్ళు తీసుకుంటూ, బండెక్కాక ఈ మర్యాదలు పెట్టుకోవద్దని నాకే హితవు చెప్పారు. చివరికి 'బ్రేకండీ' దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

ఇంకో రోజు ప్లాటు రాయిని గుద్ది పడిపోయారు. మోకాలు గీరుకుంది. దాని గురించి ఆవిడ పట్టించుకోలేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, మా అమ్మాయి నవ్విందని మాత్రం రెండు రోజులు దానికి మామిడిపండు కోసి పెట్టలేదు. వాకింగ్ పేరుతో వచ్చి దూరం నుంచి చూస్తున్న మావయ్యగారు, రాయి జరిగింది కాబట్టి ఆ ప్లాటు మళ్ళీ కొలిపించాలన్నారు. ఇదంతా ఆరంభశూరత్వమని ఆయన నమ్మకం.

ఆయన నమ్మకం వమ్మయింది. మామిడిపళ్ళ కాలం అయిపోతుండగా అత్తయ్యకి బండి నడపడం వచ్చేసింది. లైసెన్సు పరీక్షలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది కొట్టి ప్యాసయ్యారు. అక్కడ ఎవరూ హారన్ కొట్టమనలేదు గనక సరిపోయింది.

అసలు చిక్కు అక్కడే ఉంది. అత్తయ్య హారన్ కొట్టరు. పెద్దవాళ్ళు నడుస్తుంటే వెనకనుంచి కీమని అరవడం ఏం మర్యాదని ఆవిడ వాదన. చిన్నవాళ్ళయితే పాపం జడుసుకుంటారట. కుక్కల్ని 'జరగమ్మా' అని బతిమాలతారు. గేదెలొస్తే బండి ఆపి, అవి వెళ్ళాకే కదులుతారు. హారన్ కొట్టడం వచ్చేదాకా హైవే ఎక్కేది లేదని మావయ్యగారు షరతు పెట్టారు. పెట్టి ఊరుకోకుండా, సాధన కోసమని లేఅవుట్ రోడ్డు మధ్యలో తనే వెనక్కి తిరిగి నిలబడ్డారు. అత్తయ్య మెల్లగా వచ్చి, ఆయన వెనక ఆపి, "ఏవండీ, కాస్త జరుగుతారా?" అన్నారు.

లారీవాణ్ణి కూడా ఇలాగే అడుగుతావా అన్నారాయన. వినపడేట్టయితే అలాగే అడుగుతానని అత్తయ్య జవాబు.

బడి తెరిచే రోజు దగ్గర పడింది. ఇక ఆగితే లాభం లేదని, నేను వెనక కూర్చునేట్టు, ఒకసారి దెందులూరు వెళ్ళొచ్చేట్టు మావయ్యగారిని ఒప్పించాను. కాళ్ళ దగ్గర చెల్లెలికి ఆవకాయ జాడీ పెట్టుకుని అత్తయ్య బయల్దేరారు. హైవే మీద ఎడమ అంచు వదలకుండా, మమ్మల్ని దాటి వెళ్ళే వాళ్ళందరికీ దారిస్తూ, క్షేమంగా తీసుకెళ్ళారు. ఊళ్ళోకి తిరిగాక కష్టం వచ్చింది. ఒక ముసలాయన సైకిలుకి పచ్చగడ్డి మోపు కట్టుకుని రోడ్డు మధ్యలో నడిపించుకెళ్తున్నాడు. అత్తయ్య ఆయన వెనకే, ఆయన నడకకి తగ్గట్టే పోనిచ్చారు. మా వెనక ఒక ట్రాక్టరు చేరింది. అది హారన్ మోగిస్తుంటే అత్తయ్య బండి ఆపి, వెనక్కి తిరిగి, పెద్దాయనండీ కాస్త ఓపిక పట్టండని ఆ డ్రైవరుకి చెప్పారు. ఊరేగింపులా పిన్నిగారి వీధి దాకా వెళ్ళాం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండకి కొంత, అత్తయ్యకి కొంత.

పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, అలవాటుగా మావయ్యగారి కోసం వెనక్కి చూశారు. ఎవరు దింపారని అడిగారు.

"నన్ను నేనే దింపుకున్నాను," అన్నారు అత్తయ్య.

ఇక మొదలయ్యాయి కబుర్లు. పిన్నిగారు నాకు ముంజలు పెట్టారు. తిన్నాను. గోరింటాకు ఎవరి పెరట్లోది కోయాలో, తెల్లారగట్ల భోజనంలోకి ఏం వండాలో, ఉయ్యాల ఏ దూలానికి కట్టాలో, అట్లు ఎవరు పొయ్యాలో, నెలల ముందే అట్లతద్ది మొత్తం ఆ అరుగు మీద అయిపోతోంది. మధ్యలో చిన్నప్పటి అట్లతద్దులు కూడా వచ్చి కలుస్తున్నాయి. నాకేమో మా అమ్మాయి యూనిఫాం టైలరు దగ్గర ఉండిపోయిందని గుర్తొచ్చింది. ఫోన్లో టైము చూశాను. హెల్మెట్ చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాను. నోరు విప్పి ఒక్క మాట కూడా అనలేదు.

పిన్నిగారి మాట సగంలో ఆగిపోయింది. చప్పున లేచి, అక్కకి ఇవ్వాల్సిన కూరగాయలు సంచిలో వెయ్యడానికి లోపలికి పరుగెత్తారు. ఎన్నేళ్ళ అలవాటో అది. దారి పొడుగునా ఎవరి వెనకా హారన్ కొట్టని మనిషి వెనక నిలబడి నేను హారన్ మోగించినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ కూర్చుందామంటే తొందరేం లేనట్టు నటించినట్టే ఉంటుంది.

అత్తయ్య కోప్పడలేదు. నా చేతిలోంచి హెల్మెట్ తీసుకుని అరుగు మీద పెట్టారు.

"నువ్వు ఆటోలో వెళ్ళమ్మాయ్. సెంటర్లో దొరుకుతాయి. బండి నేను తెచ్చుకుంటాను. ఏమనుకోకు."

ఏమనుకోను? వెళ్ళాను. ఆటోలో ఏలూరు దాకా నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది.

మావయ్యగారు గేటు దగ్గరే ఉన్నారు. ఆటో దిగిన నన్ను చూశారు, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు. జరిగింది చెప్పాను. వెంటనే లోపలికెళ్ళి బండి తాళాలు తెచ్చారు. ఎండ, హైవే, పైగా హారన్ కొట్టని మనిషి, తను వెళ్ళి తీసుకొస్తానన్నారు. నేను గేటుకి అడ్డంగా నిలబడ్డాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయనకి అడ్డు నిలబడడం అదే మొదలు. ముందు ఫోన్ చెయ్యండి మావయ్యగారూ అన్నాను.

స్పీకర్లో పెట్టి చేశారు. అవతల ఎత్తగానే నవ్వులు వినిపించాయి. అందులో ఒకటి అత్తయ్యదని పోల్చుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆవిడ అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. మావయ్యగారు గొంతు సవరించుకుని, ఎప్పుడు బయల్దేరుతావని అడిగారు.

"మా చెల్లి ఇంకా చెబుతోందండీ," అన్నారు అత్తయ్య. "అయ్యాక వస్తాను."

ఆయన ఫోన్ పెట్టేసి, తాళాలు మేకుకి తగిలించారు. ఈ లెక్కన అట్లతద్దికి వెళ్తే కార్తీకం వెళ్ళాక గానీ రాదేమో అన్నారు. కుర్చీ గేటు దగ్గరికి లాక్కుని, రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు. కాసేపయ్యాక, నిజంగానే తెలియక, నన్నడిగారు.

"అంతసేపు చెప్పుకోవడానికి వాళ్ళకేం ఉంటుందమ్మా?"

"ఇన్నేళ్ళూ సగంలో ఆగిపోయినవన్నీ ఉంటాయి కదండీ," అన్నాను.