కుంకుమ బొట్టు పెట్టిన ఫ్లాపీ

ఒకే ఒక్క పూటలో బళ్ళారి రోడ్డు మీది లారీలన్నిటినీ నా బరువుకు దించేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. ఇప్పుడైతే నాకూ నవ్వొస్తుంది.

తొంభైల చివర్లో, దోణిమలై వైపు నుంచి వచ్చే ఖనిజం లారీలను తూచే కాటాకు కంప్యూటర్ ప్రోగ్రామ్ రాశాను. అదే నా మొదటి ఉద్యోగం. ఏ పని ఎలా చేయాలో విడి ఫైళ్లలో రాసిపెట్టేలా, ప్రోగ్రామ్ లోపల ఒక చిన్న స్క్రిప్ట్ భాషను ఇమిడ్చాను. బరువు చదవడానికి ఒక ఫైలు, చీటీ అచ్చువేయడానికి ఇంకొకటి. మామూలుగా ఆ ఫైళ్లను అది కంప్యూటర్ లోపలి డిస్కులోనే వెతుక్కుంటుంది. నేను ఊరుకుంటానా? "ప్రతి లారీకీ ముందు ఫ్లాపీలో చూడు, అక్కడ లేకపోతేనే డిస్కులోకి పో" అని మార్చాను. ఏదైనా సవరించాలంటే ఫ్లాపీ పెడితే చాలు కదా అని నా తెలివి.

ఆయుధ పూజ వచ్చింది. కాటా యజమాని రంగయ్య శెట్టి కంప్యూటర్‌కు పసుపు పూసి, "దీని ఆయుధం ఏందప్పా?" అన్నాడు. జేబులోని ఫ్లాపీ ఇచ్చాను. దానికి బొట్టు పెట్టి, కంప్యూటర్‌లో దూర్చాడు.

"మూడు దినాలు కదిలించొద్దు."

మర్నాడు మొదటి లారీ కాటా ఎక్కింది. చీటీలో అరవై కిలోలు.

"ఏందప్పా ఇది?" అన్నాడు డ్రైవర్ ఖాజా. "నేనొక్కణ్ణే తొంభై ఉండా. లారీ యాడికి పాయె?"

రెండో లారీ అరవై. మూడోదీ అరవై. వెనక హారన్లు. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. అరవయ్యే. శెట్టి పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"మధ్యాన్నం లోపల సరిజెయ్యి. కాకుంటే నీ ఉద్యోగం ఈడికి సరి."

ఉద్యోగం వచ్చిందని మా అమ్మ వీధి వీధంతా చక్కెర పంచింది.

ఖాజా కిటికీలో తల పెట్టాడు. "చీటీ వచ్చే ముందు ఆ డబ్బా కర్రుమంటాండాది. ఎలక దూరిందేమో సూడప్పా."

ఎలుక కాదు, బొట్టు ఫ్లాపీ. లాగి చూస్తే నేను ఇంట్లో సాధన చేసుకున్నది. ఇంట్లో కాటా లేదు గనక, ఏ లారీ వచ్చినా నా బరువే చెప్పమని అందులో రాసుకున్నాను.

ఫ్లాపీ తీశాక ఖాజా లారీ మళ్లీ ఎక్కింది. పదహారు టన్నులు. హమ్మయ్య, పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"ఆ అరవై ఎవరిదప్పా?" అన్నాడు శెట్టి.

"నాదే సార్."

"ఎక్కు కాటా."

ఎక్కాను. యాభై చూపించింది.

"పొద్దుట్నుంచి పది కిలోలు దిగినావు. పోయి అన్నం తినిరాపో."

ఆ కాటా మీదే నిలబడి ప్రమాణం చేశాను. ఇకపై ఏ ప్రోగ్రామ్‌నైనా ముందు తన ఇంట్లోనే, అంటే డిస్కులోనే, వెతకమంటాను. పూజకు ఖాళీ ఫ్లాపీయే ఇస్తాను. నా బరువు ఎవరడిగినా, ఇప్పటికీ, యాభై అనే చెప్తాను.